పాట నిలిచినది, బొమ్మ ఆగినది
(ఒక దేవాలయములో చిత్రీకరింపబడిన రెండు రాత్రుల చరిత్ర)

నూరేండ్ల పండుగ చేసికొనుచున్న సంఘమునకు మొదట వచ్చు తలంపు గడచిపోయిన పెద్దలను గూర్చినది. మన దేవాలయములను కట్టించిన వారి పేర్లు శిలాఫలకముల మీద ఉన్నవి. బాప్తిస్మముల రిజిస్టర్లు, వివాహముల రిజిస్టర్లు బీరువాలలో భద్రముగా ఉన్నవి. కాని ఆ దినములలో ఆదివారపు ఆరాధనలో పాట ఎట్లు లేచెడిదో, ఎవరు ఎత్తుకొనెడివారో, స్త్రీల వైపు నుండి పల్లవి ఎట్లు తిరిగి వచ్చెడిదో ఏ రిజిస్టరులోను వ్రాయబడలేదు. అది వ్రాతకు లొంగునది కాదు.

అందుచేతనే నేడు అనేక సంఘములు తమ పాటల ఆరాధనలను, క్రిస్మసు గానములను, పెద్దల కీర్తనలను కెమెరాలతో తీయించి దాచుచున్నవి. ఇది మంచి పనియే. అయితే జనముతో నిండిన దేవాలయములో జరుగుచున్న గానమును, జరుగుచుండగనే చిత్రముగా పట్టుట చూచినంత సులభము కాదు. ఈ సంగతిని చక్కగా తెలియజేయు నిజమైన చరిత్ర ఒకటి అమెరికా దేశపు క్రైస్తవ సంఘములలో జరిగినది. అది 1972లో మొదలై 2018లో గాని ముగియలేదు. దానిని మన సంఘస్థుల ఎదుట ఉంచుట ఈ సంచికకు తగిన పని యని తలంచి, మేము తెలిసికొన్నంత మట్టుకు ఇక్కడ వ్రాయుచున్నాము.

సినిమా హాలు దేవాలయమైన చోటు

లాస్ ఏంజెలిస్ నగరపు దక్షిణ భాగమున వాట్స్ అను పేట కలదు. అక్కడ నివసించువారిలో అత్యధికులు అప్పుడు నల్లజాతి ప్రజలు, అందులోను కష్టజీవులు. 1965 ఆగస్టులో పోలీసుల ప్రవర్తనపై పుట్టిన ఆగ్రహము పెద్ద అల్లరిగా మారి, ఆరు దినములలో 34 మంది ప్రాణములు పోయినవి. ఇండ్లు, అంగళ్లు కాలిపోయినవి. వాట్స్ పేరు ప్రపంచ పత్రికలలోనికి వచ్చినది ఆ దుఃఖము వలననే.

ఆ ప్రాంతములోనే న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి ఉన్నది. ఆ భవనము మొదట సినిమా హాలు. తరువాత దానిని సంఘము దేవాలయముగా మార్చుకొనెను. బొమ్మలాడిన వేదిక మీద ప్రసంగపీఠము, దాని వెనుక గాయక బృందము కూర్చుండు మెట్లు, వారి వెనుక గోడపై క్రీస్తు చిత్రము. రాతి స్తంభములు, రంగుటద్దముల కిటికీలు గల పెద్ద గుడి కాదు. మన పట్టణములలో అద్దె హాళ్లలో ఆరాధన మొదలు పెట్టిన సంఘములవారు ఇట్టి స్థలమును సులభముగా ఊహింపగలరు.

1972 జనవరి 13, 14 తేదీలలో, గురువారము, శుక్రవారము రాత్రులు, ఆ దేవాలయములో అరీతా ఫ్రాంక్లిన్ పాడెను. రికార్డు చేయుటకు అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీవారును, సినిమా తీయుటకు వార్నర్ బ్రదర్స్ వారును ఏర్పాట్లు చేసిరి.

ఆమె ఎవరు?

అరీతా ఫ్రాంక్లిన్ 1942 మార్చి 25న మెంఫిస్ నగరములో జన్మించెను. తండ్రి రెవ. సి. ఎల్. ఫ్రాంక్లిన్ గారు డిట్రాయిట్ నగరములోని న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చికి కాపరి. ఆయన ప్రసంగములు గ్రామఫోను రికార్డులుగా అచ్చై దేశమంతట వినబడుచుండెను. పాస్టరుగారి అమ్మాయి గుడిలో పాడుట మన యెడలను క్రొత్త సంగతి కాదు గదా! ఆమెయు అట్లే తండ్రి సంఘములో పాడుచు పెరిగెను. పదునాలుగేండ్ల ప్రాయమున, 1956లో, ఆ సంఘములోనే ఆమె భక్తి గీతములు మొదట రికార్డు చేయబడినవి.

తరువాత ఆమె లోక సంగీతములోనికి వెళ్లెను. 1967లో వెలువడిన 'రెస్పెక్ట్' అను పాటతో ఆమె కీర్తి ఆకాశమునంటెను. గుడిలో పెరిగిన పిల్ల లోకపు పాటలు పాడుచున్నదని విచారించిన విశ్వాసులు కొందరు ఉండిరి. తండ్రి మాత్రము ఆ విమర్శను అంగీకరింపలేదు. 1972 నాటికి ఆమె వయస్సు 29 సంవత్సరములు. కీర్తికి, ధనమునకు కొదువ లేదు. ఆ ఉచ్చదశలో ఆమె స్టూడియోను విడిచి, సంఘము మధ్యను, గాయక బృందముతో కలిసి, చిన్ననాటి పాటలు పాడ నిశ్చయించుకొనెను. జనము లేకుండ గాస్పెల్ గానము పూర్తి కాదు. పాడువారు ఒక మాట ఎత్తగనే వినువారు 'ఆమేన్' అని, చప్పట్లతో, కన్నీటితో బదులు చెప్పుదురు. ఆ బదులు లేనిచో పాట సగమే. కనుక జనము నిండిన స్థలములో రికార్డు చేయుట ఆమెకు విలాసము కాదు, అవసరము.

ఆమెకు సహాయముగా పియానో వద్ద కూర్చున్నది రెవ. జేమ్స్ క్లీవ్‌లాండ్ గారు. ఆయన పూర్వము డిట్రాయిట్‌లో ఆమె తండ్రి సంఘమునందు సంగీత పరిచర్య చేసినవారు. బాల్యములో ఆయన వద్ద ఆమె నేర్చుకొనిన సంగతులు అనేకము. ఆయన స్థాపించిన సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ వెనుక నిలిచి పాడెను. ఆ బృందమును నడిపినవారు అలెగ్జాండర్ హామిల్టన్ గారు.

కెమెరాలు ఎందుకు వచ్చినవి?

1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రములో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవమును వార్నర్ బ్రదర్స్ వారు 1970లో చలనచిత్రముగా విడుదల చేసిరి. దానికి ఆస్కారు బహుమానము వచ్చినది, ధనము మిక్కుటముగా వచ్చినది. జనసమూహము ఎదుట జరుగు గానమును చిత్రించిన చాలును, ప్రజలు టిక్కెట్టు కొని చూతురని వారికి తోచెను. అందుచేత వాట్స్ ఆరాధనకు కెమెరాలు పంపిరి. ఆ పనిని సిడ్నీ పోలాక్ అను దర్శకునికి అప్పగించిరి. ఆయన అప్పటికే ఆస్కారు బహుమానమునకు ప్రతిపాదింపబడిన కథాచిత్ర దర్శకుడు. సమర్థుడనుటలో సందేహము లేదు. అయితే ఆయన అనుభవము కథాచిత్రములలోనిది.

కథాచిత్రములో దర్శకుడు 'కట్' అనిన అందరు ఆగుదురు. దీపము సరిచేసి, నటుని చెమట తుడిచి, మరల మొదలు పెట్టుదురు. ఆరాధనలో అట్లు ఎవరు ఆపగలరు? పాట లేచినప్పుడు లేచును. ఏ క్షణమున ఏ సహోదరి లేచి నిలుచునో, ఎవరు కంటతడి పెట్టుదురో ముందుగా వ్రాసి ఇచ్చువారు లేరు. కెమెరామాన్ ఒక గాయకురాలి ముఖమును చూపుచుండగా అసలు సంగతి వెనుక వరుసలో జరిగిపోవును. జనము నిండిన స్థలములో నడుచుటకు దారి ఉండదు. ఒక కెమెరాకు మరియొక కెమెరామాన్ అడ్డము వచ్చును. దీపముల వేడికి లోపల ఉక్కపోత. ఆ చిత్రములో పోలాక్ స్వయముగా జనము నడుమ తిరుగుచు, చేతితో సైగలు చేయుచు, 'అటు తీయుము, ఇటు తీయుము' అని కెమెరాలవారికి చూపుట మనకు కనబడును.

ఆ రెండు రాత్రులు

మొదటి రాత్రి క్లీవ్‌లాండ్ గారు సభను ఉద్దేశించి, ఇక్కడ రికార్డింగు జరుగుచున్నను ఇది దేవాలయమని మరువవద్దని హెచ్చరించిరి. ఆ ఒక్క మాట ఆ రాత్రుల స్వభావమును నిర్ణయించెను. కెమెరాలు ఐదు ఉన్నను అది సినిమా షూటింగు కాలేదు, ఆరాధనయే ఆయెను.

అరీతా ఆ రెండు రాత్రులు మాటలాడినది బహు స్వల్పము. తన్ను గూర్చి చెప్పుకొనలేదు. పాడెను, అంతే. మరియను ఏడువవద్దని ఓదార్చు పాత నీగ్రో ఆత్మీయ గీతము, మన ఇంగ్లీషు ఆరాధనలలోను పాడుకొను 'వాట్ ఎ ఫ్రెండ్ వి హావ్ ఇన్ జీసస్', క్లారా వార్డ్ గారు రచించిన 'హౌ ఐ గాట్ ఓవర్' మొదలైనవి ఆమె ఎన్నుకొనెను.

రెండవ రాత్రికి సంగతి నగరమంతట ప్రాకి జనము ఇంకను ఎక్కువగా వచ్చిరి. ఆమె తండ్రియు, ఆయనతో కూడ క్లారా వార్డ్ గారును వచ్చి ముందు వరుసలో కూర్చుండిరి. అరీతా బాల్యములో ఎవరిని చూచి పాడుట నేర్చుకొనెనో ఆ గాయని ఎదుటనే ఆమె పాట పాడవలసి వచ్చినది. ఆ రాత్రి వెనుక వైపున, లోక ప్రసిద్ధి గల ఇంగ్లీషు గాయకుడు మిక్ జాగర్ కూడ సామాన్యునివలె జనములో నిలిచియుండెను. కెమెరా అతనిని క్షణకాలము చూపి విడిచిపెట్టును. ఆ గుడిలో ఆ రాత్రి అతడు ముఖ్యుడు కాడు.

ఆమె పియానో వద్ద కూర్చుండి పాడుచుండగా తండ్రి లేచి వచ్చి రుమాలుతో ఆమె ముఖము మీది చెమట తుడిచిన దృశ్యము ఒకటి ఉన్నది. ఆమె పాట ఆపలేదు. ప్రపంచ ప్రఖ్యాతి గల గాయనియైనను తండ్రికి ఆమె గుడిలో పాడు పిల్లయే. ఇట్టి దానిని ఏ దర్శకుడును ముందుగా చెప్పి చేయించలేడు. జనము మధ్యన కెమెరా ఉండుట వలన కలుగు ప్రయోజనము ఇదియే.

బానిస ఓడ నుండి వచ్చిన పాట

ఆ రాత్రుల గానములో శిఖరము 'అమేజింగ్ గ్రేస్'. ఈ కీర్తన చరిత్రను మన సంఘస్థులలో అనేకులు ఎరుగుదురు. దానిని రచించిన జాన్ న్యూటన్ యౌవనములో బానిసలను ఓడలలో చేరవేయు వ్యాపారము చేసినవాడు. 1748లో సముద్రపు తుపానులో దేవుని తట్టు తిరిగెను గాని, ఆ తరువాతను కొన్ని సంవత్సరములు ఆ ఓడలనే నడిపెను. 1764లో ఆంగ్లికన్ సంఘమున గురువుగా అభిషేకము పొంది, ఓల్నీ అను గ్రామములో పరిచర్య చేసెను. ఈ పాట 1779లో ఓల్నీ కీర్తనల గ్రంథములో అచ్చుపడినది. 1788లో ఆయన బానిస వ్యాపారమును ఖండించుచు బహిరంగముగా వ్రాసెను. బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించిన 1807లోనే ఆయన మరణించెను.

ఏ ప్రజలను గొలుసులతో కట్టి ఓడలలో తీసికొని పోయిరో, ఆ ప్రజల సంతతివారు, అటువంటి ఓడ నడిపినవాని పాటనే తమ సొంత పాటగా చేసికొని పాడుకొనుచున్నారు. వాట్స్‌లో ఆ పాట పదినిమిషములకు పైగా సాగెను. ఒక్కొక్క పదమును అరీతా విడువక పట్టుకొని, సాగదీసి, మరల మరల పాడెను. గాయక బృందములోనివారు కూర్చుండలేక లేచిరి. పియానో వాయించుచున్న క్లీవ్‌లాండ్ గారు వాద్యము విడిచి, ప్రక్కకు పోయి కూర్చుండి, రుమాలుతో ముఖము కప్పుకొని ఏడ్చిరి. దీనిని చూచినవారికి ఆ పాట చరిత్రను వేరుగా బోధింపనక్కరలేదు.

ఒక చప్పుడు లేక పోయినందున

ఇక ఈ చరిత్రలోని కష్ట భాగమునకు వత్తుము.

ఆనాటి సినిమా కెమెరా బొమ్మను మాత్రమే పట్టును, ధ్వనిని పట్టదు. ధ్వని వేరొక యంత్రము మీద టేపులోనికి ఎక్కును. ఈ రెండింటిని తరువాత ఎడిటింగు గదిలో జతపరచవలెను. జతపరచుటకు గుర్తు కావలెను. మన తెలుగు సినిమాల ప్రారంభోత్సవములలో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి క్లాప్ కొట్టినట్లు పత్రికలలో ఫోటోలు చూచుచుందుము. అది వేడుక కొరకు పుట్టినది కాదు. క్లాప్ బోర్డు మీది చెక్క క్రిందికి తగిలిన బొమ్మ ఫిల్ము మీద ఉండును, ఆ 'టక్' అను చప్పుడు టేపు మీద ఉండును. ఆ బొమ్మను, ఆ చప్పుడును ఒకచోట చేర్చినచో తక్కినదంతయు దానంతట అదే కుదురును. బోర్డు మీద వ్రాసిన అంకెలు ఇది ఎన్నవ రీలో చెప్పును.

వాట్స్ చిత్రీకరణలో ఈ క్లాప్‌లు కొట్టబడలేదు. ఐదు కెమెరాలు, 16 మిల్లీమీటర్ల ఫిల్ము, సుమారు 20 గంటల చిత్రము. ఆ రకపు కెమెరాలలో సాధారణముగా వాడు 400 అడుగుల రీలు సుమారు 11 నిమిషములకే అయిపోవును. ఆ లెక్కన 20 గంటలు అనగా వందకు పైగా ముక్కలు. ఒక్కొక్క కెమెరా ఎప్పుడు మొదలైనదో, ఎప్పుడు ఆగినదో, రీలు ఎప్పుడు మార్చిరో గుర్తులు లేవు. ఫిల్ము మీద ఒక సెకనుకు 24 బొమ్మలు ఉండును. అర సెకను తప్పినచో 12 బొమ్మలు తప్పినట్లే, పెదవి ఒక మాట పలుకుచుండగా చెవికి వేరొక మాట వినబడును.

ఆ గుడి నిండ చప్పట్లే గదా, వాటిలో ఒకదానిని గుర్తుగా తీసికొనరాదా యని కొందరు అడుగవచ్చును. తాళము ప్రకారము వేయు చప్పట్లు అన్నియు ఒకే తీరుగా ఉండును. అందులో ఏది ఏదో ఎట్లు తెలియును? వేయి చప్పట్లలో గుర్తుగా వేసిన ఒక్క చప్పుడు లేకపోయెను.

పెదవుల కదలికను బట్టి మాటలు చెప్పగల నిపుణులను పిలిపించిరి. గాయక బృందమును నడిపిన హామిల్టన్ గారిని కూడ రప్పించి, ఆయన చేతుల కదలికను బట్టి ఇది ఏ పాటయో గుర్తింప ప్రయత్నించిరి. నెలల తరబడి శ్రమించినను పని కుదరలేదు. చివరకు రీళ్లన్నియు స్టూడియో గోదాములోనికి పోయినవి.

ధ్వని టేపులు మాత్రము చక్కగా ఉండెను. 1972 జూన్ 1న అవి రెండు రికార్డుల ఆల్బముగా వెలువడినవి. అది అమెరికాలో 20 లక్షలకు పైగా అమ్ముడుపోయి, ఆమె జీవితములో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడైన ఆల్బము ఆయెను. ఆ పాటలు ఇండ్లలోను, గుడులలోను, కార్లలోను మ్రోగినవి. వాటిని విని పెరిగిన ఒక తరమువారు ఆ రాత్రుల ముఖములను ఎన్నడును చూడలేదు. పాట నిలిచినది, బొమ్మ ఆగినది.

యంత్రము సహాయపడినను

2007లో అలన్ ఇలియట్ అను సంగీత నిర్మాత ఆ ఫిల్ము హక్కులను సంపాదించెను. సిడ్నీ పోలాక్ 2008లో మరణించెను. ఈ లోపల కాలము మారినది. ఫిల్మును కంప్యూటరులోనికి ఎక్కించి, ధ్వనితో ఒక్కొక్క ముక్కను సరిచూచుటకు వీలైన సాధనములు వచ్చినవి. 1972లో నిపుణులకు సాధ్యము కానిది డిజిటల్ యంత్రములు సాధ్యము చేసినవి. బొమ్మయు ధ్వనియు చివరకు కలిసినవి.

ఇక విడుదలయే తరువాయి యనుకొనిరి. కాని 2011లో అరీతా ఫ్రాంక్లిన్ న్యాయస్థానమునకు వెళ్లెను. తన రూపమును, తన గానమును తన అనుమతి లేక సినిమాగా చూపరాదని ఆమె వాదన. 2015 సెప్టెంబరులో కొలరాడో రాష్ట్రములోని టెల్యూరైడ్ చిత్రోత్సవములో ప్రదర్శనకు సర్వము సిద్ధమైయుండగా, ఫెడరల్ న్యాయమూర్తి దానిని నిలిపివేయుచు ఆజ్ఞ ఇచ్చెను. ఇతర చిత్రోత్సవముల ప్రదర్శనలును ఆగినవి.

ఫిల్ము ఒకరిది, ధ్వని మరియొకరిది కావచ్చును. కాని ఆ ముఖము, ఆ గొంతు ఆమెవి. నలుబది ఏండ్ల నాటి కాగితములు ఏమి చెప్పినను, పాడిన మనిషి బ్రతికియుండగా ఆమెను దాటిపోవుట తగదని ఆ ఆజ్ఞ వలన మనకు బోధపడుచున్నది. 'రెస్పెక్ట్' అనగా గౌరవము. ఆ పేరు గల పాటతో ప్రసిద్ధురాలైన గాయని తన విషయములో కోరినది అదియే.

2018 ఆగస్టు 16న ఆమె డిట్రాయిట్‌లో 76వ ఏట మరణించెను. తరువాత ఆమె కుటుంబమువారు చిత్రమును చూచి అంగీకరించిరి. 2018 నవంబరు 12న న్యూయార్క్‌లో అది మొదటిసారి ప్రదర్శింపబడెను. 2019లో అమెరికాలోని థియేటర్లకును ఇతర దేశములకును వెళ్లెను. అప్పటికి చిత్రీకరణ జరిగి 46 సంవత్సరములు గడచినవి. తండ్రి లేరు, క్లారా వార్డ్ లేరు, క్లీవ్‌లాండ్ గారు లేరు. పాడిన ఆమెయు లేదు. వారందరు యౌవనముతో, ఆరోగ్యముతో తెర మీద లేచి వచ్చినప్పుడు చూచినవారు కన్నీరు ఆపుకొనలేకపోయిరనిన ఆశ్చర్యము లేదు.

మన కీర్తనల మాట

ఈ చరిత్ర మనకెందుకని అడుగువారికి ఒక మాట. మనము పాడుకొను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అనేకము కలవు. ఆయన 1890లో మరణించిరి. మన దేశములో గ్రామఫోను రికార్డింగు ప్రారంభమైనది 1902లో. పండ్రెండేండ్ల తేడా! పుస్తకములో కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉన్నవి. కాని ఆయన నోట ఆ కీర్తన ఎట్లు పలికెనో వినుటకు మార్గము లేదు. ఆయన కాలమున యంత్రము లేదు గనుక ఎవరిని నిందింపలేము.

మన కాలమున అట్లు చెప్పుకొనుటకు వీలు లేదు. ప్రతి ఇంటిలో సెల్‌ఫోను ఉన్నది. మన గ్రామ సంఘములలో కీర్తనలను పాత బాణీలలో, పుస్తకము చూడకుండ పాడగల పెద్దమ్మలు, తాతలు ఇంకను కొందరు ఉన్నారు. హార్మోనియము పట్టగల వృద్ధ ఉపదేశులు ఉన్నారు. వారు పోయిన తరువాత రాగము పేరు పుస్తకములో ఉండును గాని, ఆ ఊరిలో ఆ పాట పాడిన తీరు ఉండదు. కనుక వారిని చిత్రించుట నేడు చేయవలసిన పని. అయితే వాట్స్ చరిత్ర నేర్పిన కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొనవలెను.

మొదటిది, ధ్వనిని నిర్లక్ష్యము చేయరాదు. వాట్స్‌లో బొమ్మ ఆగినను పాట బ్రతికినది, ధ్వనిని శ్రద్ధగా తీసినందుననే. బొమ్మ మసకగా ఉన్నను పాట వినవచ్చును. ధ్వని చెడినచో ఎంత చక్కని బొమ్మయైనను మూగదే. గుడిలోని మైకు సెట్టు నుండి ధ్వనిని వేరుగా రికార్డు చేయువారు, కెమెరాలన్నియు తిరుగుచుండగా మొదట ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టిన చాలును. ఆ చప్పుడే తరువాత గుర్తుగా పనికివచ్చును. పైసా ఖర్చు లేని పని.

రెండవది, వ్రాసి పెట్టవలెను. పాడినవారి పేరు, ఊరు, తేదీ, కీర్తన పేరు కెమెరా ఎదుటనే ఒకసారి పలికించవలెను. గుర్తులేని రీలు ఎంత విలువైనదైనను గోదాము పాలగునని చూచితిమి గదా. తీసిన దానికి రెండు ప్రతులుంచి, ఒకటి గుడిలోను, మరియొకటి వేరొక చోటను దాచుట క్షేమము.

మూడవది, అడుగవలెను. దేవాలయము అందరిదే, కాని ప్రార్థనలో ఏడ్చుచున్న ముఖము ఆ మనిషిదే. సాక్ష్యము చెప్పు సహోదరిని, పాడు పిల్లలను, భూస్థాపన ఆరాధనలో దుఃఖించువారిని అడుగకుండ తీసి లోకమంతట పంచుట సంఘమునకు తగదు. దాచుకొనుటకు ఒప్పుకొనినవారు అందరికి చూపుటకు ఒప్పుకొనకపోవచ్చును. రెండింటిని వేరువేరుగా అడుగవలెను. వద్దనిన వారి మాట మన్నించవలెను.

నాలుగవది, క్లీవ్‌లాండ్ గారు సభకు చేసిన హెచ్చరిక. ఇది దేవాలయము. ఇటీవల వివాహములలోను, పండుగ ఆరాధనలలోను కెమెరాలవారు ప్రసంగపీఠము మెట్ల మీద నిలిచి, వెనుకనున్న వృద్ధులకు గురువుగారి ముఖము కనబడకుండ చేయుట చూచుచున్నాము. ముందు వరుసలలో చేతులెత్తి సెల్‌ఫోనులు పట్టుకొనినవారి చేతులు తాళము వేయుటకు ఖాళీగా ఉండవు. జనము పాడుట మానివేసి తీయుటలో పడినచో, ఇక తీయుటకు అక్కడ ఏమున్నది? తీయు పని ఇద్దరు ముగ్గురికి అప్పగించి, వారి స్థలము ముందే నిర్ణయించి, తక్కినవారందరు పాడుట మేలు.

శతవార్షికోత్సవ ఆరాధనలలో మన సంఘములు పాడుచున్న పాటలను నూరేండ్ల తరువాతి మన సంతతివారు చూతురు గాక. వారు చూచునప్పుడు పాడినవారి పేర్లు వారికి తెలియవలెను, పాటయు పెదవియు కలిసియుండవలెను. తీసినవారు పాడినవారి అనుమతితోనే తీసిరని వారు ఎరుగవలెను. ఈ తక్కువ ఖర్చు గల పనులు చేయుటకు ఈ యేడే తగిన సమయము, ఏలయనగా మన పెద్దలు కొందరు ఇంకను మన మధ్య పాడుచున్నారు.